ఆదివారం మాంసం సరే... మిగతా ఆరు రోజుల కంచంలో ఏముంది?

తెలంగాణలో 98 శాతానికి పైగా జనం మాంసాహారులు. ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే. 2014లో జరిగిన శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ బేస్‌లైన్ సర్వే తేల్చిన లెక్క ఇది. శాకాహారం మాట వచ్చినప్పుడల్లా ఈ అంకె ముందుకొస్తుంది. దేశం మొత్తం మీద కూడా పదిమందిలో ఏడుగురు మాంసం తినేవారేనని అదే సర్వే చెప్పింది.

అయితే ఆ సర్వే అడిగింది తింటారా, తినరా అని మాత్రమే. ఎన్నాళ్లకోసారి తింటారు, ఎంత తింటారు, ఇంట్లో ఎవరి కంచంలో ఎన్ని ముక్కలు పడతాయి అన్నవి అందులో లేవు. మాంసాహారి అని రాయించుకున్న సగటు తెలుగు ఇంట్లో వారానికి 14 పూటల భోజనంలో కోడో, మేకో, చేపో కనిపించేది రెండు మూడు పూటలే. మిగతావన్నీ అన్నం, పప్పు, ఏదో ఒక కూర, చారు, మజ్జిగ. ఆచారం ప్రకారం కాకపోయినా, లెక్క ప్రకారం మన భోజనంలో ఎక్కువ భాగం శాకాహారమే.

కాబట్టి మాంసం మంచిదా, కూరగాయలు మంచివా అన్న వాదన కంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఎటూ తింటున్న ఆ పది పన్నెండు పూటల శాకాహారం కడుపు నింపడంతో ఆగిపోతోందా, ఒంటికి కావలసింది ఇస్తోందా? ఇంటిల్లిపాదీ దాన్ని ఇష్టంగా తింటున్నారా, వేరే దారి లేక తింటున్నారా?

ఒకే ఇల్లు, రెండు కంచాలు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ఈ ప్రశ్నకు కొంత జవాబు చెబుతుంది. వారానికి ఒకసారైనా చేపో, కోడో, మాంసమో తినేవారు పురుషుల్లో 57 శాతం ఉంటే, స్త్రీలలో 45 శాతమే. అసలు ముట్టనివారు పురుషుల్లో 17 శాతం, స్త్రీలలో 29 శాతం. ఒకే దేశం, ఒకే ఇళ్లు, ఒకే పొయ్యి. అయినా ఇంత తేడా ఉంది. ఇందులో నోములు, వారాలు, ఉపవాసాల పాత్ర కొంత ఉండొచ్చు. అందరికీ వడ్డించాక మిగిలింది తినే అలవాటు పాత్ర కూడా తక్కువేమీ కాదు.

అంటే శాకాహార పూట నాసిరకంగా ఉంటే ముందు నష్టపోయేది ఆడవాళ్లు. అదే సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో అది 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అదే వయసు పురుషుల్లో దేశవ్యాప్తంగా 25 శాతం. ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతానికి రక్తం తక్కువ. 98 శాతం మాంసాహారులున్న రెండు రాష్ట్రాలూ స్త్రీల రక్తహీనత విషయంలో దేశ సగటు కంటే మెరుగ్గా లేవు. 'మేం అన్నీ తింటాం' అని చెప్పుకోవడానికీ, అందరికీ అన్నీ అందడానికీ మధ్య ఉన్న దూరం ఇది.

85 గ్రాముల లెక్క

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో దేశ ప్రజల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2,000 కిలో కేలరీలు అవసరమైన మనిషి కంచంలో 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పులు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు, 100 గ్రాముల పండ్లు, కొన్ని గింజలు ఉండాలని అందులో ఉంది. ధాన్యం నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదని కూడా చెప్పింది. ప్రస్తుతం మనకు 50 నుంచి 70 శాతం శక్తి బియ్యం, గోధుమల నుంచే వస్తోంది. పప్పులు, మాంసం, చేపలు అన్నీ కలిపి ఇస్తున్నది 6 నుంచి 9 శాతమే.

తెలుగు కంచం మీద ఈ లెక్క పెట్టి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఉండాల్సినదానికంటే అన్నం కుప్ప పెద్దది, కూర చిన్నది, పప్పు ఇంకా చిన్నది. కూరను అన్నంలోకి 'నంజుకునేది'గా చూసే అలవాటు మనది. అన్నం కలుపుకోవడానికి కావలసినంత కూర ఉంటే చాలనుకుంటాం. ఆ అలవాటు వల్లనే కారం, ఉప్పు, నూనె ఎక్కువగా ఉన్న చిన్న గరిటెడు కూరతో పెద్ద ముద్దలు దిగిపోతాయి.

పప్పు సంగతి మరీ ముఖ్యం. బియ్యంలోని మాంసకృత్తుల్లో లైసిన్ అనే అంశం తక్కువ. పప్పుల్లో అది దండిగా ఉంటుంది. పప్పుల్లో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో దొరుకుతుంది. రెండూ కలిస్తేనే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. పప్పన్నం, ఇడ్లీ, పులగం, సర్వపిండి ఈ సూత్రం మీదే నిలబడ్డాయి. కానీ పాళ్లు తప్పితే సూత్రం పనిచేయదు. చారెడు పప్పును నలుగురికి సరిపోయేలా నీళ్లు పోసి పప్పుచారు చేస్తే రుచి ఉంటుంది, సత్తువ ఉండదు.

ఖర్చు లెక్క వేస్తే ఆ నీళ్లు ఎందుకు పోస్తారో తెలుస్తుంది. మనిషికి 85 గ్రాముల చొప్పున నలుగురున్న ఇంటికి నెలకు పది కిలోలకు పైగా పప్పు కావాలి. కిలో 120 రూపాయలు అనుకున్నా 1,200 దాటుతుంది. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో మనిషి నెలసరి సగటు ఖర్చు 4,122 రూపాయలు. నలుగురికి కలిపి 16,500 దగ్గర. ఎక్కువమంది ఈ సగటుకు దిగువనే ఉంటారు. బట్ట, చదువు, మందులు, ఫోను, ప్రయాణాలన్నీ పోగా పప్పు కోసం ఆ 1,200 తీయడం చాలా ఇళ్లకు కుదరదు. ధర పెరిగిన నెలలో ముద్దపప్పు పప్పుచారు అవుతుంది, నెలాఖరుకు చారు అవుతుంది.

బియ్యం ఉచితం, పప్పు మార్కెట్లో

1961లో దేశంలో మనిషికి రోజుకు 69 గ్రాముల పప్పు అందుబాటులో ఉండేది. 2001 నాటికి అది 30 గ్రాములకు పడిపోయింది. తర్వాత కొంత కోలుకున్నా 1961 నాటి స్థాయిని ఇప్పటికీ అందుకోలేదు. ఆ నలభై ఏళ్లలో జనాభా రెట్టింపు దాటింది, వరి, గోధుమ దిగుబడులు ఎన్నో రెట్లు పెరిగాయి. కాలువ నీళ్లు, బోరు నీళ్లు, మేలు రకాల విత్తనాలు, మద్దతు ధర, సేకరణ కేంద్రాలు అన్నీ ఆ రెండు పంటల వైపే వెళ్లాయి. పప్పు పంటలు వానను నమ్ముకున్న మెట్ట చేలకే మిగిలిపోయాయి.

రేషన్ దుకాణం కూడా ఇదే బాటలో నడిచింది. 2013 ఆహార భద్రత చట్టం కింద సుమారు 80 కోట్ల మందికి నెలకు తలా ఐదు కిలోల తిండిగింజలు అందుతున్నాయి. ఇప్పుడవి పూర్తిగా ఉచితం. చట్టంలో పప్పుకు చోటు లేదు. తెలంగాణ ప్రభుత్వం 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తోంది. జనం దాన్ని మెచ్చుకున్నారు కూడా. దొడ్డు బియ్యం అమ్ముకునే అవసరం తప్పి, రేషన్ బియ్యం తినడానికి పనికొస్తున్నాయి. కానీ కంచంలో ఇప్పటికే ఎక్కువైన అన్నం నాణ్యత మెరుగుపడిందే తప్ప పక్కనున్న పప్పు గిన్నె నిండలేదు. తమిళనాడులో కిలో 30 రూపాయలకు కందిపప్పు ఏళ్ల తరబడి ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో రాయితీ కందిపప్పు ధర 67 రూపాయలు. ఈ పథకాల్లోనూ కార్డుకు కిలో మించి దొరకడం అరుదు. నలుగురున్న ఇంటికి కావలసిన పది కిలోల్లో అది పదో వంతు.

మన ఇడ్లీలో మయన్మార్ మినుములు

మిగతా పప్పు ఎక్కడి నుంచి వస్తోంది? 2024-25లో భారత్ 70 లక్షల టన్నులకు పైగా పప్పు గింజలు దిగుమతి చేసుకుంది. ఇంతకుముందెన్నడూ అంత రాలేదు. మినుములు మయన్మార్ నుంచి, కందులు మొజాంబిక్, టాంజానియా, మలావీ నుంచి, ఎర్ర కందిపప్పుగా మనం పిలిచే మసూర్ కెనడా, ఆస్ట్రేలియాల నుంచి, పసుపు బఠానీలు కెనడా, రష్యాల నుంచి వస్తున్నాయి. తెలుగువారి పొద్దుటి ఇడ్లీ, దోసె, గారె మయన్మార్ రాజకీయాలతో ముడిపడి ఉన్నాయంటే అతిశయోక్తి కాదు. 2023 చివర్లో మొజాంబిక్ రేవుల్లో ఎగుమతిదారుల తగాదా వల్ల కందుల ఓడలు ఆగిపోయినప్పుడు ఇక్కడి వ్యాపారులు లెక్కలు తిరగరాసుకోవాల్సి వచ్చింది.

పప్పు దేశంలోనే పండించలేమా అంటే పండించగలం. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది, పక్కనే ఉన్న కలబురగి కందిపప్పుకు అంతకంటే ముందే వచ్చింది. రైతుకు చేతకాకపోవడం కారణం కాదు, నమ్మకం లేకపోవడం కారణం. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయలకు చేరింది. ఆ ధర చూసి మరుసటి ఏడాది రైతులు పెద్దఎత్తున కంది వేశారు, వానలూ కలిసొచ్చాయి. 2015-16లో 163 లక్షల టన్నులున్న మొత్తం పప్పుల దిగుబడి 2016-17లో 231 లక్షల టన్నులకు ఎగబాకింది. పంట మార్కెట్‌కు వచ్చేసరికి ధర మద్దతు ధర కంటే కిందికి పడిపోయింది. దిగుమతుల మీద పరిమితులు పెట్టింది 2017 ఆగస్టులో, అప్పటికే ఆ సీజను పంటను చాలామంది అమ్మేసుకున్నారు. వినియోగదారు ఏడ్చిన ఏడాది మర్నాడే రైతు ఏడ్చాడు. ఆ అనుభవం మెట్ట రైతు మరిచిపోలేదు.

2025 అక్టోబరు 11న ప్రధాని ప్రారంభించిన పప్పుల స్వయంసమృద్ధి మిషన్‌ను ఈ చరిత్రతో కలిపి చూడాలి. ఆరేళ్లకు 11,440 కోట్ల రూపాయలు, 2030-31 నాటికి 350 లక్షల టన్నుల దిగుబడి లక్ష్యం. నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ సంస్థల దగ్గర నమోదైన రైతుల నుంచి నాలుగేళ్ల పాటు కంది, మినుము, మసూర్ పూర్తిగా కొంటామని హామీ. మాట మంచిదే. కానీ 2023 డిసెంబరు నుంచి సుంకం లేకుండా వచ్చిపడిన బఠానీలు దేశీ ధరలను అణిచివేశాయని రైతులు మొత్తుకున్నాక, 2025 నవంబరులో గాని 30 శాతం సుంకం పడలేదు. ఒక చేత్తో కంది వేయమని చెబుతూ ఇంకో చేత్తో రేవు తలుపులు బార్లా తెరిస్తే ఏ రైతూ వరి మాని కందికి రాడు.

టమాటా లేని రోజు

కూరగాయల కథలోనూ ఇదే ఊగిసలాట. 2023 జులైలో టమాటా కిలో 200 రూపాయలు దాటింది. మదనపల్లె మార్కెట్ పేరు దేశమంతా మారుమోగింది. అదే సీమలో, పత్తికొండ వైపు, ధర లేక రైతులు టమాటాలు రోడ్డు మీద పారబోసిన ఏళ్లూ ఉన్నాయి. 2024 అక్టోబరులో కూరగాయల ద్రవ్యోల్బణం 42 శాతం దాటింది. అదే నెలలో వెలువడిన రిజర్వ్ బ్యాంక్ పరిశోధన పత్రం ఒకటి టమాటా, ఉల్లి, బంగాళదుంపల మీద వినియోగదారు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది మూడో వంతు అటూ ఇటూ అని లెక్కగట్టింది.

ఇలాంటి ధరల మధ్య 400 గ్రాముల కూరగాయలు తినమని చెప్పడం తేలికే. మనిషికి 400 అంటే నలుగురికి రోజుకు కిలోన్నర పైన. కూరగాయలు తగ్గిన చోటును ఏం ఆక్రమిస్తోందో కూడా ఖర్చుల సర్వే చెబుతోంది. 2023-24లో పట్టణ కుటుంబాల ఖర్చులో పానీయాలు, ప్రాసెస్ చేసిన తిండి వాటా 11 శాతం. తిండి ఖర్చులో అన్నిటికంటే పెద్ద పద్దు అదే. గ్రామాల్లోనూ దాదాపు పది శాతం. ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ ధర సీజన్‌తో మారదు, ఏ పల్లెలోనైనా దొరుకుతుంది, ఎవరూ వండక్కర్లేదు. బీరకాయకు ఈ మూడు సౌకర్యాలూ లేవు.

వండేది ఎవరు?

ఇంటిల్లిపాదీ ఇష్టంగా తినే శాకాహారం అనగానే సలహాలన్నీ ఇల్లాలి వైపే తిరుగుతాయి. పెద్దాయనకు బీపీ, ఉప్పు తగ్గించాలి. అత్తగారికి పళ్లు లేవు, మెత్తగా ఉడకాలి. పిల్లవాడికి ఆకుకూర కనిపిస్తే చాలు, కంచం తోసేస్తాడు. ఆయనకు కారం లేనిదే ముద్ద దిగదు. ఇన్ని రుచులను ఒకే గిన్నెలో కలపడం ఒక్కరి బాధ్యత.

2024 కాల వినియోగ సర్వే ప్రకారం 15-59 ఏళ్ల స్త్రీలు జీతం లేని ఇంటిపనికి రోజుకు 305 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఐదేళ్ల ముందు అది 315. తగ్గింది పది నిమిషాలు. 2019 సర్వేలో ఏ రోజైనా ఇంటిపనిలో చెయ్యి పెట్టిన పురుషులు 26 శాతమే, స్త్రీలు 81 శాతం. చికెన్ కూర ఒక్కటి చేస్తే ఆ పూట గడిచిపోతుంది. శాకాహార భోజనానికి పప్పు, కూర, పచ్చడి, చారు అంటూ నాలుగు గిన్నెలు. ఆకులు గిల్లాలి, కడగాలి, కాయలు తరగాలి, గింజలు నానబెట్టాలి. పని ఎవరిదో మారకుండా శాకాహారం పెంచమంటే, ఆ పెంపు ఒకరి నిద్రలోంచే రావాలి.

ఇంధనం సంగతి కూడా ఉంది. ఉజ్వల కనెక్షన్లు పది కోట్లు దాటాయి గానీ ఆ ఇళ్లు ఏడాదికి సగటున నాలుగైదు సిలిండర్లే నింపించుకుంటున్నాయి. సెనగలు, ఉలవలు, అలసందలు గంటసేపు ఉడికించే తాహతు ఆ సిలిండర్‌కు లేదు. ఇలాంటి చోట కుక్కర్, ముందురోజు రాత్రి నానబెట్టే అలవాటు పెద్ద ఆదా.

మన వంటలోనే ఉన్న దారులు

ఇన్ని అడ్డంకులున్నా ఇంట్లో చేయగలిగినవి లేకపోలేదు. వాటి కోసం ఖరీదైన పనీర్, కొత్త పేర్ల విత్తనాల వెంట పడక్కర్లేదు.

మొదటిది, పప్పును కూరలోకి తేవడం. సొరకాయలో సెనగపప్పు, బీరకాయలో పెసరపప్పు, తోటకూరలో కందిపప్పు, గోంగూరలో ఏదైనా పప్పు వేస్తే ఒక్క గిన్నెలోనే కూర, పప్పు రెండూ వస్తాయి, వండేవారికి ఒక పని తగ్గుతుంది. విడిగా ఆకుకూర ఇగురు తినని పిల్లలు పప్పులో కలిసిపోయిన మెంతికూర తినడం చాలా ఇళ్లలో చూసేదే. పెసరట్టు, అలసంద వడ, మినపరొట్టె, సాయంత్రం పూట గుగ్గిళ్లు (తెలంగాణలో గుడాలు) ఇవన్నీ పప్పును పప్పులా కనిపించనివ్వకుండా కడుపులోకి పంపే పాత ఉపాయాలు. బిస్కెట్ ప్యాకెట్ ఆక్రమించిన చోటు నిజానికి వీటిదే.

రెండోది, ఇనుము ఒంటికి పట్టే ఏర్పాటు. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుమును శరీరం తేలిగ్గా తీసుకోలేదు. విటమిన్ సి తోడైతే తీసుకుంటుంది. పొయ్యి దించాక పిండిన నిమ్మకాయ, పక్కన ఉసిరి ముక్క, భోజనం తర్వాత జామపండు ఇందుకు చాలు. తిన్న వెంటనే తాగే టీ దీనికి అడ్డుపడుతుంది, గంట ఆగి తాగడం మేలు. గింజలు నానబెట్టినా, మొలకెత్తించినా, పిండి పులియబెట్టినా ఇనుము అందడం పెరుగుతుంది. ఒక్క బి12 మాత్రం మొక్కల నుంచి రాదు. మాంసం, గుడ్డు ముట్టని ఇంట్లో పాలు, పెరుగు తప్పనిసరి, అవీ తక్కువైతే వైద్యుణ్ని అడగాలి.

మూడోది ఓపిక. కొత్త కూర ఒకటి రెండుసార్లు పెట్టి పిల్లలు వద్దంటే మానేయడం ఎక్కువ ఇళ్లలో జరిగేది. ఒక రుచి పిల్లలకు అలవాటు కావడానికి పదిసార్ల దాకా పట్టొచ్చని పోషకాహార నిపుణులు చెబుతారు. కొసరి తినిపించడం కంటే, ఇంట్లో పెద్దలు అదే కూర తింటూ కనిపించడం బాగా పనిచేస్తుంది. తండ్రి కంచంలో లేని కాకరకాయ కొడుకు కంచంలో నిలవదు.

నాలుగోది వడ్డన. అందరూ ఒకేసారి కూర్చుని తింటే పప్పు గిన్నెలో ఎంత ఉందో అందరికీ కనిపిస్తుంది. ఆఖరున తినేవారికి అడుగున చారు మిగిలే పద్ధతి పోవడానికి పైసా ఖర్చు లేదు.

రుచి నేర్పే బడి

ఇంటి తర్వాత రుచి అలవాటయ్యేది బడిలో. మధ్యాహ్న భోజన పథకంలో ప్రాథమిక తరగతుల పిల్లవాడికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు లెక్క. పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, ఇంధనం అన్నిటికీ కలిపి 2025 మే నుంచి ఇస్తున్నది తలకు 6.78 రూపాయలు. గుడ్డు లాంటి అదనాలు రాష్ట్రాలు తమ ఖర్చుతో చేర్చుకుంటాయి. ఈ మొత్తం 2022 అక్టోబరు నుంచి 2024 నవంబరు ఆఖరు దాకా 5.45 రూపాయల దగ్గరే ఆగిపోయింది. టమాటా 200 దాటిన నెల కూడా ఆ మధ్యలోనే వచ్చింది. ఆ నెలలో బడి సాంబారు ఎంత పలచబడి ఉంటుందో ఊహించడానికి నిపుణులు అక్కర్లేదు.

ఏళ్ల తరబడి పలచని పప్పు తిన్న పిల్లలు శాకాహారం అంటే చప్పిడి తిండి అనుకుంటే తప్పు వారిది కాదు. బడి కేటాయింపు మార్కెట్ ధరలతో పాటు మూడు నెలలకోసారి మారాలి. రేషన్‌లో బియ్యం కొంత తగ్గించైనా తలకు కిలో పప్పు ఇచ్చే ఏర్పాటు గురించి రెండు తెలుగు రాష్ట్రాలూ ఆలోచించాలి. ఆ పప్పు తాండూరు, ప్రకాశం, అనంతపురం, కర్నూలు మెట్ట చేల నుంచి మద్దతు ధరకు కొంటే మిషన్ లక్ష్యమూ, కంచం లక్ష్యమూ ఒకటవుతాయి.

కంది కోత డిసెంబరు, జనవరి నెలల్లో ముమ్మరంగా సాగుతుంది. నాలుగేళ్ల సేకరణ హామీ నిజమో కాదో మార్కెట్ యార్డుల్లో తేలేది అప్పుడే. దాని ఫలితం ఆ తర్వాత ప్రతి నెలాఖరునా వంటింట్లో కనిపిస్తుంది. గిన్నెలో గరిటె నిలబడేంత చిక్కగా పప్పు ఉందా, మళ్లీ నీళ్లు పోయాల్సి వచ్చిందా అన్నదాన్ని బట్టి.